అక్షరానికి ఎనిమిది యూరోలు

మా కొట్టులో పాలరాతి మీద ఒక అక్షరం చెక్కితే
ఎనిమిది యూరోలు.
చుక్కలకీ గీతలకీ డబ్బు పుచ్చుకోను.
మా నాన్న పెట్టిపోయిన కట్టుబాటు అది.

నాలుగేళ్ల కిందట పిరేయస్ రేవుగోడకి
పదకొండు పేర్లు చెక్కాను,
పెలాయియా ఓడతో పాటు మునిగినవాళ్లవి.
వాళ్ల ఆడవాళ్లు నా బల్ల చుట్టూ కూర్చుని
వేళ్లు మడిచి అక్షరాలు లెక్కపెట్టుకున్నారు.
ముందు ‘ప్రియమైన’ తీసేశారు.
తర్వాత తండ్రుల పేర్లు.
తర్వాత పుట్టిన తేదీలు.
చచ్చిన రోజు అందరికీ ఒకటేగా, ఒక్కసారి చాలు
అంది దియమంతో, పద్దులు రాసే గొంతుతో.
మనీలా కుర్రాడి పేరు
జీతాల కాగితంలో ఒకలా, పాస్‌పోర్టు నకలులో ఇంకోలా ఉంది.
పొట్టిగా ఉన్నదే చెక్కించారు.

ఈ ఫిబ్రవరిలో పెద్దాసుపత్రి నుంచి కబురొచ్చింది.
కిడ్నీల వార్డుకి పన్నెండు కొత్త యంత్రాలు.
దాత అరిస్టార్ఖోస్ కలివూరాస్,
ఆయన తండ్రి, తల్లి, పుట్టిన దీవి,
కింద ‘సముద్రమిచ్చినది మనుషులకే తిరిగి’ అని ఒక వాక్యం.
నూట నలభై ఆరు అక్షరాలు.
ధర ఎవరూ అడగలేదు.

పెలాయియా ఆయనదే.
తుప్పు మీద రంగు పూసి పంపాడన్న దావా
కోర్టులో ఇంకా నలుగుతూనే ఉంది.

కాఫీ కొట్టులో తలా ఒక మాట.
ఆవుని చంపి చెప్పులు దానం అన్నాడొకడు.
పన్ను ఎంత తగ్గుతుందో
కాగితం రుమాలు మీద వేసి చూపించాడు ఇంకొకడు.
జూన్‌లో వాయిదా ఉంది, అప్పటికి
ఫొటోలో నర్సులు కావాలి, అన్నారెవరో.
ఎప్పుడూ నోరు విప్పని ముసలి ఇంజను మెకానిక్
కప్పు అడుగున మడ్డి చూస్తూ అన్నాడు:
‘మంచివాడనిపించుకోవాలన్న ఆకలి
మంచివాళ్లకి అంతుండదు.’

రాయి సగం అయ్యాక ఒక రాత్రి ఆయనే వచ్చాడు,
డ్రైవరు లేకుండా, గొడుగు లేకుండా.
తన పేరు మీద వేలు నడిపించాడు,
చీకట్లో తాళం వెతికేవాడిలా.
‘ఇవి ఎన్నాళ్లుంటాయి?’
‘లోపలి గోడ. వాన లేదు, ఉప్పుగాలి లేదు.
రెండొందల ఏళ్లు.’
‘రేవు మీదవి?’
ఆ మాట ఆయన నోట వస్తుందనుకోలేదు నేను.
‘నలభై. గాలి మరీ పొగరుగా ఉంటే ముప్పై.’
‘లోతుగా చెక్కాల్సింది.’
ఎవర్ని అన్నాడో తెలీదు. నన్నో, ఆ ఆడవాళ్లనో,
ఇంకెవర్నో.
‘లోతుకి వేరే ధర’ అన్నాను.
తడిసిన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

నా సంగతీ చెప్పాలి కదా.
ఆ డబ్బుతోనే కొట్టు పైకప్పు వేయించాను.
ఇప్పుడు కురవడం లేదు.

దియమంతోకి కిడ్నీలు పోయి రెండేళ్లు.
వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు,
కలివూరాస్ యంత్రం ఆమె రక్తం తోడి
కడిగి, మళ్లీ ఆమెకే ఇస్తుంది.
రక్తానికి రోషం ఉంటే బాగుండు అంటుంది,
నాకున్నంత కూడా లేదే దీనికి.
ఆమె కుర్చీకి ఎదురుగానే నా పలక.
కళ్లు మూసుకుంటుంది. నిద్ర రాదు.

ఒక మంగళవారం నర్సు ఫోతినీ ఫోన్ చేసింది:
కోట్లు తగిలించుకోడానికి వార్డులో చోటు లేదట,
ఆ పలక నెత్తిన ఒక కొక్కెం కావాలట.
పాలరాతికి తూటు పెట్టడం చెక్కేవాళ్లకి పాపం.
పెట్టాను. జాగ్రత్తగా, పగలకుండా,
అరిస్టార్ఖోస్‌కి సరిగ్గా పైన.
కూలి తీసుకోలేదు.
దియమంతోది పొడుగు కోటు, నల్లది,
ఊరి పేరు దాకా వస్తుంది.

మే నెలలో దాత వార్డు చూడ్డానికొచ్చాడని,
వెనక ఫొటోవాళ్లున్నారని ఫోతినీయే చెప్పింది.
కోటు అంచు రెండు వేళ్లతో ఎత్తాడట.
కింద చదివాడట.
కుర్చీలో కళ్లు మూసుకున్న మనిషిని చూశాడట.
అంచు మెల్లగా వదిలేసి,
ముడత పడ్డచోట
అరచేత్తో సాపు చేశాడట.